డ్రాపర్ ఉన్న సైకిల్‌కి ఏ సీటు బ్యాగు? ముందు టేపు తీసుకోండి

బైక్‌ప్యాకింగ్‌కి, అంటే సామాను సైకిల్‌కే కట్టుకుని దారిలో రాత్రుళ్ళు బస చేస్తూ తిరగడానికి, సీటు బ్యాగు కొందామని కూర్చున్నవాళ్ళం మొదట చూసేది లీటర్లే. ఎనిమిది లీటర్లది చాలుతుందా, పద్నాలుగుది తీసుకుందామా అని. మామూలు సీట్‌పోస్ట్ ఉన్న సైకిల్‌కి ఆ లెక్కతో పనైపోతుంది. డ్రాపర్ ఉంటే అలా కుదరదు. సీటు పూర్తిగా దిగినప్పుడు దాని కింద, వెనక టైరు పైన ఎంత జాగా మిగులుతుందో తెలిస్తే తప్ప ఏ బ్యాగు గురించీ మాట్లాడుకోలేం. ఆ ఒక్క అంకె చూసుకోకుండా బ్యాగు తెప్పించుకుని, బిగించాక టైరుకి తగులుతుంటే తలపట్టుకున్నవాళ్ళని చూశాను. నేనూ అదే తప్పు చేశాను. అందుకే ఇంత వివరంగా రాస్తున్నాను.

కొత్తవాళ్ళ కోసం రెండు ముక్కలు. డ్రాపర్ అంటే పైకీ కిందికీ కదిలే సీట్‌పోస్ట్. హ్యాండిల్ మీద, చాలా సైకిళ్ళలో ఎడమ బొటనవేలి దగ్గర, చిన్న లీవరు ఉంటుంది. అది నొక్కి సీటు మీద బరువు వేస్తే దిగిపోతుంది. బరువు తీసి మళ్ళీ నొక్కితే లోపలి గాలి ఒత్తిడితో లేస్తుంది. నిటారుగా దిగేచోట సీటు అడ్డు తొలగితే ఒంటిని కిందికీ వెనక్కీ జరుపుకోవచ్చు, హ్యాండిల్ మీదుగా బోర్లా పడే భయం తగ్గుతుంది. ఈ అవసరం కొత్తదేం కాదు. 1984లోనే జో బ్రీజ్, జాష్ ఏంజెల్ అనే ఇద్దరు హైట్-రైట్ అనే స్ప్రింగు తెచ్చారు, సైకిల్ దిగకుండానే సీటు దించుకోవడానికి. 2010లో వచ్చిన రాక్‌షాక్స్ రివర్బ్ లాంటి పోస్టుల తర్వాత మౌంటెన్ బైకుల్లో డ్రాపర్ మామూలు సామాను అయిపోయింది.

చిక్కు ఎక్కడంటే, సీటు బ్యాగు రెండు చోట్ల వేలాడుతుంది. ఒకటి సీటు కింది రెండు కమ్మీలు, అంటే రెయిల్స్. రెండోది సీట్‌పోస్ట్. డ్రాపర్‌లో ఆ రెండోచోట ఉండేది నున్నగా మెరిసే షాఫ్ట్. అది కింది గొట్టంలోకి దిగుతూ లేస్తూ ఉంటుంది. దాని చుట్టూ స్ట్రాప్ బిగిస్తే ఆ స్ట్రాప్ దగ్గరే ఆగిపోతుంది. మామూలు బ్యాగుల స్ట్రాప్ రెయిల్స్ కింద ఏడెనిమిది సెంటీమీటర్ల దిగువన వస్తుంది. మీ డ్రాపర్ 125 మిల్లీమీటర్లదైతే అందులో మీకు మిగిలేది నాలుగైదు సెంటీమీటర్లే.

## షాఫ్ట్ మీద గీతలు

డెన్వర్‌కి వచ్చిన కొత్తల్లో నా హార్డ్‌టెయిల్‌కి, అంటే వెనక సస్పెన్షన్ లేని సైకిల్‌కి, 14 లీటర్ల మామూలు బ్యాగు కట్టుకుని కొలరాడో ట్రెయిల్‌లో ఒక ముక్క తొక్కుదామని బయల్దేరాను. డెన్వర్ దగ్గర మొదలై డురాంగో దాకా పోయే బాట అది. నేను ఎంచుకున్నది కెనోషా పాస్ నుంచి జార్జియా పాస్ మీదుగా బ్రెకెన్‌రిడ్జ్ వైపు. స్ట్రాప్‌ని వీలైనంత పైకి జరిపి కట్టాను. సీటు సగమే దించాలి అని మనసులో గట్టిగా అనుకున్నాను కూడా. ఎక్కడం బాగానే సాగింది. జార్జియా పాస్ 3,500 మీటర్ల పైన ఉంటుంది, అక్కడ చెట్లుండవు, గాలి తప్ప ఇంకేమీ ఉండదు. అవతలి వైపు దిగుడులో మాత్రం బాటంతా చెట్ల వేళ్ళు, రాళ్ళు. చెయ్యి అలవాటుగా లీవరు నొక్కింది, సీటు దిగింది, దాని బరువుకి స్ట్రాప్ కూడా జారింది. వెనక నుంచి గరగరమని శబ్దం, ఆ వెంటనే కాలిన నైలాన్ వాసన. ఆగి చూస్తే బ్యాగు అడుగున రూపాయి బిళ్ళంత కన్నం, అందులోంచి నా ఉన్ని చొక్కా అంచు బయటికొచ్చి ఉంది.

కన్నం కంటే నన్ను ఎక్కువ బాధపెట్టింది ఇంకోటి. రాత్రి బస చేసినచోట స్ట్రాప్ విప్పి షాఫ్ట్ తుడిచాను. స్ట్రాప్ ఉన్నచోట చుట్టూ సన్నటి గీతలు. గోరుతో రాస్తే తగులుతున్నాయి. పగలంతా లేచిన దుమ్ము వెల్క్రోలో చిక్కుకుని, ఆ స్ట్రాప్ గరుకు కాయితంలా పనిచేసింది. గీతలు పడిన షాఫ్ట్, మట్టిని ఆపే రబ్బరు సీలులోంచి దిగిన ప్రతిసారీ మట్టిని లోపలికి తీసుకెళ్తుంది. రెండు నెలలు తిరక్కముందే ఆ పోస్ట్ మధ్యలో ఆగి ఆగి లేవడం మొదలుపెట్టింది. బ్యాగు కన్నానికి మాసిక వేసుకోవచ్చు. షాఫ్ట్‌కి మాసిక ఉండదు.

## కొలత ఇలా తీయండి

సైకిల్‌ని గోడకి ఆనించి, డ్రాపర్‌ని పూర్తిగా కిందికి దించండి. సీటు రెయిల్స్ నుంచి వెనక టైరు పైభాగం దాకా నిట్టనిలువుగా టేపు పెట్టి చూడండి. పోస్ట్ దగ్గర ఒకసారి, సీటు తోక చివర ఒకసారి, ఇంకో జానెడు వెనక ఒకసారి. టైరు గుండ్రం కాబట్టి మూడు చోట్లా మూడు అంకెలు వస్తాయి. అన్నిటికంటే చిన్నదే మీ అంకె.

నా హార్డ్‌టెయిల్ లెక్క చెప్తాను. నా ఎత్తు ఐదడుగుల ఆరంగుళాలు, చక్రాలు 29 అంగుళాలవి. తొక్కే ఎత్తులో సీటు ఉన్నప్పుడు జాగా సుమారు 270 మిల్లీమీటర్లు. 125 మిల్లీమీటర్ల డ్రాపర్ మొత్తం దించితే దగ్గరదగ్గర 150 మిగులుతుంది. చిన్న బ్యాగు నిండుగా సర్దితే దాని మందం పదకొండు, పన్నెండు సెంటీమీటర్లు ఉంటుంది. పట్టింది, కానీ వేలెడు తేడాతో.

ఇదే ఎత్తు మనిషి ఫుల్ సస్పెన్షన్ సైకిల్, అంటే వెనక చక్రం కూడా కుదుపులకి పైకీ కిందికీ కదిలే సైకిల్, ఎక్కితే కథ మారిపోతుంది. వెనక చక్రం 120 మిల్లీమీటర్లు పైకి రాగలదనుకుందాం. సీటు దిగి, అదే సమయంలో పెద్ద రాయి మీద నుంచి దూకి సస్పెన్షన్ పూర్తిగా నొక్కుకుపోతే, 150లోంచి 120 పోయి మిగిలేది 30. అందులో బ్యాగు కాదు కదా, టోపీ కూడా పట్టదు. అలాంటి సైకిల్ ఉన్నవాళ్ళు వెనక కుదుపులు మింగే షాక్‌లోని గాలి పూర్తిగా తీసేసి, సీటు దించి, చక్రాన్ని చివరిదాకా పైకి నొక్కి పట్టి కొలవాలి. ఇద్దరు మనుషుల పని. పంపు మళ్ళీ కొట్టుకోవాలి కాబట్టి ఎంత ఒత్తిడి ఉందో ముందే రాసిపెట్టుకోండి.

మనలో చాలామంది ఎత్తు ఐదడుగుల నాలుగు, ఐదు, ఆరు అంగుళాల చుట్టూ ఉంటుంది. చిన్న ఫ్రేము మీద పెద్ద చక్రాలు వచ్చేసరికి ఈ జాగా ఇంకా ఇరుకవుతుంది. అమెరికాలోని ఆరడుగుల మనిషి తన బ్యాగు బ్రహ్మాండంగా ఉందని చెప్తే అది అతని విషయంలో నిజమే. అతని సీటు మన సీటు కంటే బెత్తెడు పైన ఉంటుంది.

## ఇక దేనికి ఏది

మీ అంకె ఎంత వచ్చినా, మొదట ఒక ప్రశ్న వేసుకోండి. మీరు వెళ్ళే దారిలో డ్రాపర్ నిజంగా అవసరమా? కెనడాలోని జాస్పర్ నుంచి మెక్సికో సరిహద్దులోని ఆంటెలోప్ వెల్స్ దాకా పోయే గ్రేట్ డివైడ్ రూటు చాలావరకు మట్టి రోడ్లే. మన దగ్గర స్పితి, లద్దాఖ్ వెళ్ళేవాళ్ళలో ఎక్కువమంది తొక్కేదీ జీపు రోడ్ల మీదే. అలాంటి దారికి మామూలు పోస్ట్ ఒకటి కొని, డ్రాపర్ తీసి ఇంట్లో పెట్టి, దానికి నచ్చిన పెద్ద బ్యాగు కట్టుకోండి. మామూలు అల్యూమినియం పోస్ట్ ఖర్చు డ్రాపర్ రిపేరు ముందు ఏపాటిది? ఫ్రేములో పోస్ట్ దిగే గొట్టం వ్యాసం మాత్రం చూసుకోవాలి. 30.9, 31.6 మిల్లీమీటర్లవి ఎక్కువగా కనిపిస్తాయి, రెండూ ఒకదానికొకటి పనికిరావు. హైదరాబాద్‌లో కొత్తగా సైకిల్ కొన్న మా అక్క కొడుకు లద్దాఖ్ వెళ్తానంటే వాడికీ ఇదే చెప్పాను.

కొలరాడో ట్రెయిల్ లాంటి ఇరుకు బాటలకి వెళ్ళేవాళ్ళు మాత్రం డ్రాపర్ వదులుకోకూడదు. లోడుతో ఉన్న సైకిల్ దిగుడులో మామూలుగా కంటే మొండిగా ఉంటుంది, సీటు దించుకునే వీలు అప్పుడే ఎక్కువ కావాలి. అక్కడికి నా మొదటి ఓటు డ్రాపర్ కోసమే కుట్టిన చిన్న బ్యాగుకి. అలాస్కాలోని రెవెలేట్ డిజైన్స్ వాళ్ళ వోల్, డురాంగోలోని బెడ్‌రాక్ బ్యాగ్స్ వాళ్ళ బ్లాక్ డ్రాగన్, ఉత్తర కరొలైనాలోని రాక్‌గైస్ట్ వాళ్ళ గాండోలా ఈ కోవలోవి. వీటి తీరు వేరు. బ్యాగు పొట్టిగా ఉంటుంది, బరువు చాలావరకు రెయిల్సే మోస్తాయి, షాఫ్ట్‌ని పట్టుకునే చోటు సన్నగా, సీటుకి ఆనుకుని ఉంటుంది. కొత్తవాళ్ళకి వీటి లీటర్లు చూస్తే నిరాశగా ఉంటుంది. రాత్రి కప్పుకునే ఒక సన్నటి క్విల్టు, చలికోటు, పడుకునే బట్టలు, అంతే పడతాయి. నాకు అంతకంటే అక్కర్లేదు. సీటు వెనక ఎంత పెద్ద తోక ఉంటే రాళ్ళ మీద అంత ఊగుతుంది, ఆ ఊపు నేరుగా నడుముకి తెలుస్తుంది.

ఈ బ్యాగుతో పాటు ఇంకో చిన్న వస్తువు తప్పకుండా కొనండి. వుల్ఫ్ టూత్ అనే కంపెనీ వలే అని ఒక అల్యూమినియం కాలర్ చేస్తుంది. షాఫ్ట్ పైకొసన, సీటు క్లాంప్ కిందే బిగించేది. స్ట్రాప్ షాఫ్ట్‌కి కాకుండా ఈ కాలర్ చుట్టూ వస్తుంది. గీతలు పడవు, స్ట్రాప్ కిందికి జారదు. కాలర్ ఎత్తు మేరకు సీటు దిగడం తగ్గుతుంది, అంతే నష్టం. నా షాఫ్ట్ మందం 25 మిల్లీమీటర్లు, ఆ సైజు కాలరే తీసుకున్నాను. మీ షాఫ్ట్‌ని వెర్నియర్‌తో కొలిచాకే ఆర్డర్ పెట్టండి, ఎందుకంటే అన్ని డ్రాపర్ల షాఫ్టులూ ఒకే లావు ఉండవు. దీన్ని బిగించేటప్పుడు బలం చూపించకండి. షాఫ్ట్ గొట్టమే, నలిగితే లోపల సీటుని లేపే కార్ట్రిడ్జ్ పాడవుతుంది.

కాలర్ దొరక్కపోతే షాఫ్ట్ పైన మూడు సెంటీమీటర్ల మేర, ఫ్రేముకి గీతలు పడకుండా అంటించే పారదర్శకమైన టేపు శుభ్రంగా చుట్టి, దాని మీద స్ట్రాప్ కట్టొచ్చు. పాత ట్యూబు ముక్క చుట్టేవాళ్ళు కూడా ఉన్నారు. నాకు అది నచ్చదు. రబ్బరు కింద దుమ్ము చేరితే పైకి కనపడదు, లోపల గీస్తూనే ఉంటుంది.

మీ అంకె ఒకటి రెండు వేళ్ళ మందం తక్కువైందనుకోండి, బ్యాగు వదులుకునే ముందు డ్రాపర్ కదలిక తగ్గించే వీలుందేమో చూడండి. పీఎన్‌డబ్ల్యూ వాళ్ళ లోమ్ పోస్టులో పనిముట్లు లేకుండానే 30 మిల్లీమీటర్ల దాకా తగ్గించుకోవచ్చు. వన్‌అప్ వాళ్ళ వీ2లో లోపల పెట్టే షిమ్ములనే చిన్న ముక్కల సాయంతో 10, 20 తగ్గుతుంది. 150 మిల్లీమీటర్ల డ్రాపర్ 120 అయినా దిగుడులో హాయిగానే ఉంటుంది, చెయ్యి పొరపాటున లీవరు నొక్కినా బ్యాగు టైరుకి తగలదు. జార్జియా పాస్ దగ్గర నాకు ఇదే తెలిసి ఉంటే ఆ కన్నం పడేదే కాదు.

వైర్‌లెస్ డ్రాపర్ ఉన్నవాళ్ళకి ఒక హెచ్చరిక. 2019లో వచ్చిన రాక్‌షాక్స్ రివర్బ్ ఏఎక్స్ఎస్‌లో బ్యాటరీ సీటు కిందే, పోస్ట్ తల వెనక ఉంటుంది. సరిగ్గా బ్యాగు ముక్కు వచ్చి ఆనుకునే చోటు అదే. బిగించి చూడకుండా ఏ బ్యాగూ కొనకండి.

## క్యారియర్ అంటే చిన్నచూపు వద్దు

చిన్నప్పుడు నాన్న సైకిల్ వెనక బియ్యం మూట కట్టింది క్యారియర్ మీదే. బైక్‌ప్యాకింగ్ మొదలుపెట్టిన కొత్తల్లో అది పాతకాలపు వస్తువని నేను పక్కన పెట్టేశాను. ఇప్పుడు ఫుల్ సస్పెన్షన్ ఉన్నవాళ్ళకీ, పొట్టివాళ్ళకీ నా సలహా అదే.

కారణం సులువు. క్యారియర్ సీటుని అస్సలు ముట్టుకోదు. ఓల్డ్ మాన్ మౌంటెన్ వాళ్ళది వెనక చక్రం ఇరుసునే మార్చి, వాళ్ళ సొంత ఇరుసుకి బిగుస్తుంది. ఫ్రేముకి మరలు పెట్టే కన్నాలు లేకపోయినా ఫర్వాలేదు. న్యూజిలాండ్ కంపెనీ ఏరో చేసే స్పైడర్ ర్యాక్ వెనక కడ్డీలకి పట్టీలతో బిగుస్తుంది, 16 కిలోల దాకా మోస్తుందని వాళ్ళ లెక్క. ఇంగ్లండ్‌లో బ్రిస్టల్ కంపెనీ టెయిల్‌ఫిన్ చేసే ఏరోప్యాక్ చాలా నీటుగా, ఊగకుండా ఉంటుంది. కాకపోతే దాని పైకొస సీట్‌పోస్ట్‌ని పట్టుకుంటుంది కాబట్టి డ్రాపర్ ఉన్నవాళ్ళు ఆ పట్టు కదిలే షాఫ్ట్ మీద పడకుండా చూసుకోవాలి. చిన్న ఫ్రేములో పైకి కనిపించే స్థిరమైన గొట్టం వేలెడు కూడా ఉండదు.

క్యారియర్‌కీ లోపాలున్నాయి. బరువు ఎక్కువ. ఇరుసుకీ వెనక కడ్డీలకీ కట్టిన బరువు సస్పెన్షన్ మోసే బరువు కాదు, చక్రంతో పాటు అదీ ఎగురుతుంది. రాళ్ళ మీద వెనక చక్రం మొద్దుబారినట్టు అనిపిస్తుంది. మరల మీద కూడా కన్నేసి ఉంచాలి. నేను అయితే రోజూ పొద్దున టీ కాగేలోపు అన్ని మరలూ వేలితో ఒకసారి తడిమి చూసుకుంటాను. ఇంకోటి, క్యారియర్ మీద మూట ఎత్తుగా కడితే దిగిన సీటు వెనక మనిషి జరగడానికి చోటుండదు. డ్రాపర్ పెట్టుకున్నదే అందుకు కదా. మూట పల్చగా, వెడల్పుగా ఉండాలి.

ఇవేవీ వద్దనుకుంటే సీటు వెనక ఏమీ కట్టకుండానే వెళ్ళొచ్చు. క్విల్టు హ్యాండిల్ మీద చుట్టలో, తిండీ పనిముట్లూ ఫ్రేము మధ్య బ్యాగులో, మిగతాది ఫోర్కు పక్కన సాల్సా ఎనీథింగ్ కేజ్ లాంటి పట్టుల్లో. ఒక్కో కేజ్‌కి 3 కిలోల హద్దు. సస్పెన్షన్ ఫోర్కుకి చాలావాటికి మర కన్నాలుండవు, అది అడ్డంకి. వీపు మీద చిన్న సంచీ వేసుకునేవాళ్ళూ ఉన్నారు. ఒకటి రెండు రాత్రులకి బాగుంటుంది. ఐదో రోజుకి పిర్రలు మొరాయిస్తాయి.

## ఇండియాలో ఉన్నవాళ్ళకి

పైన చెప్పిన బ్యాగులు చాలావరకు విదేశాల నుంచి తెప్పించుకోవాల్సినవే. తపాలా ఖర్చు, కస్టమ్స్ కలిపితే బ్యాగు ధర పక్కన ఇంకో బ్యాగు ధర నిలబడుతుంది. మన ఊళ్ళో, ఆన్‌లైన్లో దొరికే రాక్‌బ్రోస్, రైనోవాక్, డెకాత్లాన్ బ్యాగుల్లో ఎక్కువవాటి స్ట్రాప్ కిందికి వస్తుంది, తోక పొడుగు. వాటిని డ్రాపర్‌కి కట్టి లీవరు ముట్టుకోకుండా తొక్కుతాననుకోకండి. నా చెయ్యి నా మాట వినలేదు.

వికారాబాద్ దగ్గర అనంతగిరి కొండల్లో ఒక రాత్రి గడిపి రావడానికైతే పెద్ద బ్యాగు అవసరమే లేదు. సీటు కిందికి రెండు మూడు లీటర్ల పొట్టి బ్యాగు చాలు. అది కూడా రెయిల్స్‌కి మాత్రమే బిగుసుకునేది, షాఫ్ట్ జోలికి పోనిది. పడక సామాను హ్యాండిల్‌కి కట్టేయండి. ఇంకో దారి కూడా ఉంది. స్కూలు బ్యాగులు, ట్రావెల్ బ్యాగులు కుట్టే మంచి పనివాడు మీకు తెలిస్తే, మీ కొలతలు అట్ట మీద గీసి ఇచ్చి కుట్టించుకోండి. మందపాటి నైలాన్, అడుగున లోపల పల్చటి ప్లాస్టిక్ రేకు, రెయిల్స్‌కి రెండు వెడల్పు స్ట్రాపులు, షాఫ్ట్‌కి అంగుళం మించని ఒక్క స్ట్రాప్. అడుగు భాగంలో కుట్టు రాకూడదని గట్టిగా చెప్పండి. చక్రం చిమ్మే బురదంతా పడేది అక్కడే, నీళ్ళు కుట్టులోంచే దిగుతాయి. లోపల మాత్రం నోరు చుట్టి మూసే డ్రై బ్యాగు వేసుకోవాలి.

## బిగించాక

బరువు రెండు కిలోలు దాటనివ్వకండి. ఇది నేను నాకు పెట్టుకున్న హద్దు. బరువు ఎక్కువైతే డ్రాపర్ నీరసంగా లేస్తుంది, ఎందుకంటే ఇప్పుడు అది సీటుతో పాటు మీ బట్టల్ని కూడా ఎత్తాలి. గాలి నింపే వాల్వు ఉన్న పోస్టయితే తయారీదారు చెప్పిన హద్దులోపల ఒత్తిడి కొంచెం పెంచుకోవచ్చు. బరువైనవి బ్యాగు ముక్కులో, పోస్టుకి దగ్గరగా పెట్టి, తోకలోకి మెత్తటివి తొయ్యండి. సర్దాక పైనుంచి మోకాలితో నొక్కి గాలి తీసేసి, అప్పుడు స్ట్రాపులు లాగండి. వదులుగా ఉన్న బ్యాగే ఊగుతుంది.

సీటు దిగి ఉన్నప్పుడు సైకిల్‌ని సీటు పట్టుకుని ఎత్తకండి. చాలా డ్రాపర్లకి అది పడదు, లోపలి కార్ట్రిడ్జ్‌లోకి గాలి చేరి సీటు మెత్తగా దిగిపోతుంటుంది. కంచె దాటించేటప్పుడు, రైల్లోకి ఎక్కించేటప్పుడు ఇది మర్చిపోతాం. ఫ్రేము పట్టుకోండి.

బయల్దేరేముందు ఇంటి చుట్టూ ఒక్క చక్కరు కొట్టండి, బ్యాగు నిండా సర్ది. బ్యాగు అడుగున సుద్దముక్కతో రుద్దండి. సీటు పూర్తిగా దించి, ఫుట్‌పాత్ అంచు మీద నుంచి నాలుగైదుసార్లు దూకించండి. తర్వాత టైరు చూడండి. టైరు మీద సుద్ద మరక కనిపిస్తే బ్యాగులోంచి ఒక చొక్కా తీసి హ్యాండిల్ చుట్టలోకి మార్చి, మళ్ళీ దూకించండి.